పాఠం 12: ఫైళ్ల నిల్వనూ పనుల పట్టికనూ కలపడం

12.1 పరిచయం

గత రెండు పాఠాల్లో మీరు రెండు విషయాలు నేర్చుకున్నారు. ఇంటర్నెట్ ద్వారా ఫైళ్లను భద్రపరచుకోవడం ఒకటి. ఒక బృందం చేయవలసిన పనులను తెర మీద పట్టికగా అమర్చుకోవడం రెండోది. ఈ రెంటినీ ఒకదానితో ఒకటి కలపడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇందుకు ప్రోగ్రాం రాయడం రానక్కరలేదు.

ముందుగా ఒక చిన్న ముద్రణాలయాన్ని ఊహించుకోండి. అక్కడ శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు అచ్చువేస్తారు. కౌంటరు దగ్గర ఒకరు ఆర్డర్లు తీసుకుంటారు. డిజైనర్ తన ఇంటి నుంచే పని చేస్తారు. ప్రూఫులు చూసే పెద్దాయన మధ్యాహ్నం వస్తారు. మిషన్ మీద ఇద్దరు ఉంటారు.

ఒకసారి ఒక శుభలేఖలో ముహూర్తం 'ఉదయం 10-42' అని పడింది. పెళ్లివారు ప్రూఫు చూసి, 'రాత్రి 10-42' అని దిద్దమన్నారు. డిజైనర్ వెంటనే దిద్ది, కొత్త ఫైలును అందరూ చూడగల ఫోల్డర్‌లో పెట్టారు. ఆ సంగతి మిషన్ దగ్గర ఉన్నవారికి చెప్పడం మాత్రం ఎవరికీ గుర్తులేదు. పాత ఫైలుతోనే 500 కార్డులు అచ్చయ్యాయి. కాగితం పోయింది, రంగు పోయింది, ఒక రోజు పని పోయింది. పైగా ఆ నష్టం ఎవరి జీతంలోంచి కోయాలన్న తగాదా మొదలైంది.

జాగ్రత్తగా ఆలోచించండి. ఇక్కడ ఎవరూ పని ఎగ్గొట్టలేదు. ఫైలు చేరవలసిన చోటికి చేరింది. చేరిందన్న కబురు మాత్రం చేరలేదు. మీరు పని చేసేది ముద్రణాలయం కాకపోవచ్చు. ఫోటో స్టూడియో, కుట్టు కేంద్రం, స్వయం సహాయక సంఘం, కాంట్రాక్టరు కార్యాలయం ఏదైనా కావచ్చు. ఇలాంటి చిక్కు ఎక్కడైనా వస్తుంది.

12.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

– ఫైళ్ల నిల్వ సేవకూ పనుల పట్టికకూ ఉన్న తేడాను చెప్పగలుగుతారు.
– రెండు సేవల మధ్య కబురు ఎలా ప్రయాణిస్తుందో వివరించగలుగుతారు.
– ఒక నియమాన్ని కాగితం మీద రాసి, దాన్ని తెర మీద అమర్చగలుగుతారు.
– ఏ పని యంత్రానికి అప్పగించవచ్చో, ఏది మనిషి చేతిలోనే ఉండాలో నిర్ణయించగలుగుతారు.

12.3 రెండు సేవలు, రెండు ప్రశ్నలు

ఫైళ్ల నిల్వ సేవలో మీ ఫైలు మీ కంప్యూటర్‌లోనే కాక, ఆ సేవను నడిపే సంస్థ కంప్యూటర్లలో కూడా ఉంటుంది. దీన్నే క్లౌడ్ నిల్వ అంటారు. క్లౌడ్ అంటే మేఘం. పేరు అలా ఉన్నా, ఫైలు ఉండేది నేల మీది భవనాల్లో నడిచే కంప్యూటర్లలోనే. డ్రాప్‌బాక్స్ 2008లోను, గూగుల్ డ్రైవ్ 2012 ఏప్రిల్‌లోను వాడుకలోకి వచ్చాయి. మన దేశంలో చెన్నై కేంద్రంగా పనిచేసే జోహో సంస్థ కూడా జోహో వర్క్‌డ్రైవ్ పేరుతో ఇలాంటి సేవను అందిస్తోంది.

పనుల పట్టికకు మంచి ఉదాహరణ ట్రెల్లో. ఇది 2011లో మొదలైంది. 2017లో దీన్ని అట్లాసియన్ సంస్థ కొన్నది. ఇందులో ఒక బోర్డు, ఆ బోర్డు మీద నిలువు వరుసలు, ఒక్కొక్క వరుసలో కార్డులు ఉంటాయి. ఒక కార్డు అంటే ఒక పని. పని ముందుకు సాగే కొద్దీ కార్డును పక్క వరుసలోకి జరుపుతారు. ఈ పద్ధతికి మూలం జపాన్‌లోని టయోటా కార్ల కర్మాగారాల్లో ఉంది. అక్కడ ఏ విడిభాగం ఎంత కావాలో తెలిపే కార్డులను వాడేవారు. ఆ పద్ధతిని 'కన్‌బాన్' అంటారు. జపాన్ భాషలో ఆ మాటకు సూచిక పలక అని అర్థం.

ఇప్పుడు తేడా గమనించండి. 'ఆ ఫైలు ఎక్కడ ఉంది?' అన్న ప్రశ్నకు నిల్వ సేవ జవాబు చెబుతుంది. 'ఆ పని ఎవరి దగ్గర ఉంది? ఎంతవరకు వచ్చింది?' అన్న ప్రశ్నకు పట్టిక జవాబు చెబుతుంది. మన ముద్రణాలయంలో రెండూ ఉన్నాయనుకుందాం. అయినా ఒక దానిలో జరిగింది రెండో దానికి తెలియదు. ఫోల్డర్‌లో ఫైలు చేరితే, ఎవరో ఒకరు చూసి పట్టికలో కార్డు రాయాలి. పని ఒత్తిడిలో మనం మరచిపోయేది ఇలాంటి పనినే.

12.4 కబురు మోసే మూడో సేవ

ఈ పనిని మన బదులు చేసే సేవలు ఉన్నాయి. 2011లో మొదలైన జాపియర్ వాటిలో ఒకటి. మైక్రోసాఫ్ట్ 2016లో 'ఫ్లో' పేరుతో తెచ్చిన సేవను 2019 నుంచి 'పవర్ ఆటోమేట్' అంటున్నారు. జోహో సంస్థకు జోహో ఫ్లో ఉంది. వీటిలో ప్రోగ్రాం భాష రాయనక్కరలేదు. తెర మీద కనిపించే జాబితాల నుంచి ఎంచుకుంటూ పోతే చాలు. అందుకే వీటిని 'నో-కోడ్' సేవలు అంటారు.

ఇవి ఎలా పని చేస్తాయి? రైల్వే రిజర్వేషన్ కౌంటరును గుర్తు తెచ్చుకోండి. మీరు నిర్ణీతమైన ఫారం నింపి కిటికీలోంచి ఇస్తారు. లోపలి గుమాస్తా టికెట్టు ఇస్తాడు. మీరు లోపలికి వెళ్లరు, వారి రికార్డులు తిరగేయరు. అలాగే గూగుల్ డ్రైవ్, ట్రెల్లో వంటి సేవలు ఇతర సాఫ్ట్‌వేర్ల కోసం ఒక కిటికీ తెరచి ఉంచుతాయి. ఏ సమాచారం ఏ రూపంలో అడగాలో, ఏ రూపంలో ఇవ్వాలో అక్కడ నియమాలు ఉంటాయి. ఈ ఏర్పాటును ఏపీఐ అంటారు. జాపియర్ ఒక కిటికీ దగ్గర కబురు తీసుకుని, రెండో కిటికీ దగ్గర అందజేస్తుంది.

కబురు తీసుకోవడంలో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది, కొన్ని నిమిషాలకొకసారి వెళ్లి 'కొత్తది ఏమైనా వచ్చిందా?' అని అడగడం. మీరే పోస్టాఫీసుకు వెళ్లి మీ పేరున ఉత్తరం ఉందా అని అడిగినట్లు ఇది. దీన్ని పోలింగ్ అంటారు. రెండోది, కొత్తది రాగానే ఆ సేవే కబురు పంపడం. పోస్ట్‌మాన్ ఇంటికి వచ్చి ఉత్తరం ఇచ్చినట్లు ఇది. దీన్ని వెబ్‌హుక్ అంటారు. పోలింగ్ పద్ధతిలో కబురు కొన్ని నిమిషాలు ఆలస్యం కావచ్చు. ఫైలు పెట్టిన మరుక్షణమే కార్డు కనబడకపోతే ఏదో చెడిపోయిందని కంగారు పడకండి.

మరి మీ ఫైళ్లను చూసే హక్కు ఈ మూడో సేవకు ఎలా వస్తుంది? మీరే అనుమతి ఇస్తారు. కలిపేటప్పుడు గూగుల్ వారి పేజీ తెరుచుకుంటుంది. 'ఈ సేవకు ఈ ఈ పనులు చేయడానికి అనుమతిస్తారా?' అని అడుగుతుంది. మీరు సరే అంటే, పాస్‌వర్డ్ చెప్పకుండానే ఒక అధికార పత్రం లాంటిది ఆ సేవకు అందుతుంది. ఇప్పుడు విస్తృతంగా వాడుతున్న ఈ పద్ధతి పేరు ఓఆథ్ 2.0. దీని ప్రమాణాన్ని 2012 అక్టోబరులో ప్రకటించారు. మీరిచ్చిన అనుమతిని ఎప్పుడైనా మీ గూగుల్ ఖాతాలోకి వెళ్లి రద్దు చేసుకోవచ్చు. మీ పాస్‌వర్డ్‌ను నేరుగా టైపు చేసి ఇమ్మని మూడో సేవ తన పేజీలో అడిగితే ఇవ్వకండి.

పాఠగత ప్రశ్నలు 12.1

ఖాళీలను పూరించండి.
1. పని ఎవరి దగ్గర ఉందో తెలిపేది ________.
2. కొన్ని నిమిషాలకొకసారి వెళ్లి అడిగే పద్ధతిని ________ అంటారు.
3. పాస్‌వర్డ్ చెప్పకుండా అనుమతి ఇచ్చే పద్ధతి పేరు ________.

12.5 ముందు కాగితం మీద రాయండి

చాలామంది నేరుగా కంప్యూటర్ ముందు కూర్చుని కలపడం మొదలుపెడతారు. అలా చేయకండి. ముందుగా మీకు కావలసిన నియమాన్ని కాగితం మీద ఒక వాక్యంలో రాయండి. అందులో మూడు భాగాలు ఉండాలి: ఎప్పుడు, ఏ షరతు మీద, ఏం చేయాలి.

'ఫైలు వస్తే అందరికీ తెలియాలి' అన్నది మంచి కోరికే. కానీ నియమం కాదు. ఏ ఫోల్డర్‌లోకి? ఎలాంటి ఫైలు? అందరూ అంటే ఎవరు? యంత్రం ఊహించుకోలేదు. దాన్ని ఇలా మార్చి రాద్దాం:

'ప్రూఫు కోసం' అన్న ఫోల్డర్‌లో కొత్త ఫైలు చేరినప్పుడు, అది పీడీఎఫ్ ఫైలు అయితే, ట్రెల్లో బోర్డులో 'ప్రూఫు చూడాలి' వరుసలో ఆ ఫైలు పేరుతోను లింకుతోను ఒక కార్డు చేర్చాలి.

ఇందులో మొదటి భాగాన్ని ట్రిగ్గర్ అంటారు. రెండోదాన్ని ఫిల్టర్, అంటే వడపోత అంటారు. మూడోదాన్ని యాక్షన్, అంటే చర్య అంటారు. ఈ మూడు మాటలు ఏ సేవలోనైనా దాదాపు ఇవే అర్థాలతో కనిపిస్తాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఆలోచించండి. కార్డును 'ప్రూఫు చూడాలి' వరుసలో ఎందుకు పెట్టాం? నేరుగా 'అచ్చుకు సిద్ధం' వరుసలో పెడితే పని ఇంకా త్వరగా అవుతుంది కదా? అవుతుంది. తప్పు కూడా అంత త్వరగానూ అచ్చవుతుంది. ఫైలు వచ్చిందో లేదో యంత్రానికి తెలుస్తుంది. ముహూర్తం ఉదయమా, రాత్రా అన్నది దానికి తెలియదు. కాబట్టి కబురు చేర్చడం యంత్రానికి వదిలేద్దాం. 'ఇది సరిగా ఉంది, అచ్చువేయవచ్చు' అన్న నిర్ణయం మాత్రం ప్రూఫు చూసే మనిషిదే. ఆయన ఫైలు చదివి, తన చేత్తోనే కార్డును 'అచ్చుకు సిద్ధం' వరుసలోకి జరపాలి. మిషన్ మీది వారు ఆ వరుసలోని కార్డు లింకు నుంచి తప్ప మరో చోటి నుంచి ఫైలు తీసుకోకూడదు.

12.6 చేసి చూద్దాం

ఇప్పుడు ఈ నియమాన్ని జాపియర్‌లో అమర్చుదాం. గూగుల్, ట్రెల్లో, జాపియర్ ఖాతాలు మూడూ ముందే తెరచి ఉంచుకోండి. మొదటిసారి ఫోన్‌లో కంటే కంప్యూటర్‌లో చేయడం తేలిక.

1. గూగుల్ డ్రైవ్‌లో 'ప్రూఫు కోసం' అన్న ఫోల్డర్ చేయండి. దాన్ని బృందంలోని వారందరితో, వారి వారి ఖాతాల పేరున పంచుకోండి. ఇది మరచిపోతే కార్డు కనబడుతుంది గాని లింకు నొక్కినవారికి ఫైలు తెరుచుకోదు.

2. ట్రెల్లోలో ఒక బోర్డు చేసి, 'ప్రూఫు చూడాలి', 'అచ్చుకు సిద్ధం', 'అచ్చయింది' అని మూడు వరుసలు పెట్టండి.

3. జాపియర్‌లో కొత్త నియమం మొదలుపెట్టండి. అక్కడ దాన్ని 'జాప్' అంటారు. ట్రిగ్గర్‌గా గూగుల్ డ్రైవ్‌ను, అందులో 'న్యూ ఫైల్ ఇన్ ఫోల్డర్' అన్నదాన్ని ఎంచుకోండి. ఖాతాకు అనుమతి ఇచ్చి, మీ ఫోల్డర్ చూపించండి. ఈ ట్రిగ్గర్ ఆ ఫోల్డర్‌లో నేరుగా పెట్టిన ఫైళ్లనే చూస్తుంది. దాని లోపలి ఫోల్డర్లలో పెట్టినవి దానికి కనబడవు.

4. తరువాత ఫిల్టర్ పెట్టండి. ఫైలు పేరు పీడీఎఫ్ గుర్తుతో ముగిస్తేనే ముందుకు సాగాలని చెప్పండి. మీ ఖాతాలో ఫిల్టర్ లేకపోతే, ఆ ఫోల్డర్‌లో పీడీఎఫ్ తప్ప మరేదీ పెట్టకూడదని బృందంలో కట్టుబాటు చేసుకోండి.

5. చర్యగా ట్రెల్లోను, అందులో 'క్రియేట్ కార్డ్' అన్నదాన్ని ఎంచుకోండి. బోర్డును, వరుసను చూపించండి. కార్డు పేరు ఉండే గడిలో డ్రైవ్ నుంచి వచ్చే ఫైలు పేరును, వివరాల గడిలో ఫైలు లింకును అమర్చండి.

6. పరీక్షించండి. ఈ పరీక్షలో ట్రెల్లోలో నిజంగానే ఒక కార్డు తయారవుతుంది. సరిచూసుకున్నాక దాన్ని తీసివేయండి.

7. నియమాన్ని ప్రచురించండి. అప్పటికే ఫోల్డర్‌లో ఉన్న పాత ఫైళ్లకు కార్డులు రావు. ఆ తరువాత చేరిన వాటికే వస్తాయి.

కార్డులో ఫైలునే అంటించకుండా లింకు ఎందుకు పెట్టామని మీరు అడగవచ్చు. ట్రెల్లో ఉచిత ఖాతాలో ఒక ఫైలు 10 మెగాబైట్లకు మించకూడదు. అచ్చుకు పంపే ఫైళ్లు చాలాసార్లు అంతకంటే పెద్దవి. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఫైలును అంటిస్తే ఆ రోజు నాటి నకలు కార్డులోనే ఉండిపోతుంది. అప్పుడు ఒకే పనికి రెండు ఫైళ్లు తిరుగుతుంటాయి. మన కథలో 500 కార్డులు పాడైంది అలాగే కదా!

12.7 దిద్దిన ఫైలు వచ్చినప్పుడు

ఈ పాఠంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన భాగం ఇది.

గూగుల్ డ్రైవ్ ఫైలును పేరును బట్టి గుర్తుపట్టదు. ప్రతి ఫైలుకూ అది ఒక ప్రత్యేక గుర్తింపు సంకేతం ఇస్తుంది. అందుకే ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండగలవు. ఫైలు పేరు మార్చినా లింకు చెడదు.

డిజైనర్ దిద్దిన ఫైలును అదే పేరుతో మళ్లీ ఎక్కించారనుకోండి. అప్పుడు డ్రైవ్ ఒక ప్రశ్న అడుగుతుంది: పాతదాని స్థానంలో పెట్టాలా, రెండూ ఉంచాలా?

పాతదాని స్థానంలో పెడితే గుర్తింపు సంకేతం మారదు. పాత కార్డులోని లింకు నొక్కినా దిద్దిన ఫైలే తెరుచుకుంటుంది. ఇది లాభం. కానీ డ్రైవ్ లెక్కలో కొత్త ఫైలు ఏదీ రాలేదు. అందువల్ల మన నియమం కదలదు, కార్డు రాదు. కార్డు అప్పటికే 'అచ్చుకు సిద్ధం' వరుసలో ఉంటే, ఎవరూ చదవని దిద్దుబాటు నేరుగా మిషన్ మీదికి పోతుంది. ఒక తప్పు దిద్దబోయి మరో తప్పు చేయడం మనకు కొత్త కాదు.

రెండూ ఉంచితే కొత్త కార్డు వస్తుంది. కానీ పాత కార్డు కూడా అలాగే ఉంటుంది. ఏది సరైనదో కార్డు చూసి చెప్పలేం.

కాబట్టి చిన్న బృందాలకు పనికివచ్చే కట్టుబాటు ఇది. ప్రతి దిద్దుబాటునూ కొత్త ఫైలుగానే పెట్టాలి. పేరులో ఆర్డరు సంఖ్య, దిద్దుబాటు సంఖ్య ఉండాలి. ఉదాహరణకు, '214-శుభలేఖ-దిద్దు1', ఆ తరువాత '214-శుభలేఖ-దిద్దు2'. దిద్దు2 కార్డు రాగానే, ప్రూఫు చూసేవారు ముందుగా 214 పేరుతో ఉన్న పాత కార్డు ఏ వరుసలో ఉన్నా దాన్ని బోర్డు నుంచి తొలగించాలి. ఆ తరువాతే కొత్తది చదవాలి. ఏ పనికైనా బోర్డు మీద ఒక్క కార్డే ఉండాలి.

చూశారా, సాఫ్ట్‌వేర్ మారలేదు. ఒక పేరు, ఒక అలవాటు మారాయి. అవి లేకపోతే నియమం ఎంత బాగా నడిచినా ముహూర్తం తప్పే పడుతుంది.

12.8 జాగ్రత్తలు

చప్పుడు లేకుండా ఆగిపోవడం: అనుమతి రద్దయినా, ఫోల్డర్‌ను ఎవరైనా తొలగించినా నియమం ఆగిపోతుంది. సేవ ఒక ఈమెయిల్ పంపవచ్చు, దాన్ని ఎవరూ చూడకపోవచ్చు. కార్డు రాలేదంటే పని లేదని అర్థం కాదు. రోజుకు ఒకసారి ఫోల్డర్‌లోని కొత్త ఫైళ్లనూ బోర్డు మీది కొత్త కార్డులనూ లెక్కపెట్టి పోల్చండి. నియమం ఎప్పుడెప్పుడు నడిచిందో తెలిపే చరిత్ర పేజీని కూడా చూస్తూ ఉండండి.

గిరగిర తిరగడం: ఒక నియమం ఫైలు రాగానే కార్డు చేస్తుంది. మరో నియమం కార్డు రాగానే అదే ఫోల్డర్‌లో ఫైలు చేస్తుంది. అప్పుడు ఒకదాన్ని ఒకటి రెచ్చగొట్టుకుంటూ ఆగకుండా నడుస్తాయి. జాపియర్‌లో చేసిన ప్రతి చర్యా మీ నెలవారీ పరిమితిలో లెక్కకు వస్తుంది. ఇలా తిరిగితే అది కొద్ది సమయంలోనే అయిపోతుంది. ఒక నియమం రాసే చోటును మరో నియమం కాపలా కాయకుండా చూసుకోండి.

ఎవరి ఖాతా: నియమాన్ని ఒక ఉద్యోగి సొంత ఖాతాతో కలిపితే, వారు పని మానేసి అనుమతి రద్దు చేసిన రోజున నియమం కూడా ఆగుతుంది. సంస్థ పేరున ఒక ఖాతా తెరచి దానితో కలపండి.

ఇతరుల సమాచారం: శుభలేఖలో ఇంటి చిరునామా, ఫోన్ నెంబర్లు ఉంటాయి. లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చన్న ఏర్పాటు పెట్టకండి. బోర్డును కూడా బృందానికే పరిమితం చేయండి. కంప్యూటర్లలో నిల్వ చేసే వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటానికి మన పార్లమెంటు 2023లో ఒక ప్రత్యేక చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలను కాపాడటం మన బాధ్యత.

పాఠగత ప్రశ్నలు 12.2

తప్పో ఒప్పో చెప్పండి.
1. నియమం పెట్టకముందే ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లకు కూడా కార్డులు వస్తాయి.
2. పాత ఫైలు స్థానంలో కొత్తది పెడితే లింకు మారదు.
3. కార్డును 'అచ్చుకు సిద్ధం' వరుసలోకి జరపడం మనిషి చేయవలసిన పని.

12.9 మీరు ఏం నేర్చుకున్నారు?

– నిల్వ సేవ ఫైలు ఎక్కడుందో చెబుతుంది. పట్టిక పని ఎక్కడుందో చెబుతుంది. మూడో సేవ వాటి మధ్య కబురు మోస్తుంది.
– నియమంలో ట్రిగ్గర్, ఫిల్టర్, చర్య అన్న మూడు భాగాలు ఉంటాయి. ముందుగా దాన్ని కాగితం మీద రాయాలి.
– దిద్దిన ఫైలును కొత్త పేరుతో పెట్టాలి. పాత కార్డును తొలగించాలి.
– కబురు యంత్రానిది, నిర్ణయం మనిషిది.

12.10 పాఠాంత ప్రశ్నలు

1. మన ముద్రణాలయంలో 500 కార్డులు పాడు కావడానికి కారణం ఏమిటి? ఆ నష్టాన్ని డిజైనర్ జీతంలోంచి కోయడం న్యాయమేనా? మీ అభిప్రాయం కారణాలతో రాయండి.
2. పోలింగ్‌కూ వెబ్‌హుక్‌కూ తేడాను మీ అనుభవంలోని ఉదాహరణతో వివరించండి.
3. మీరు పని చేసే చోటనో, మీకు తెలిసిన దుకాణంలోనో తరచు మరచిపోయే కబురు ఒకటి గుర్తించండి. దానికి తగిన నియమాన్ని మూడు భాగాలుగా రాయండి. అందులో మనిషి నిర్ణయించవలసింది ఏదో దాని కింద గీత గీయండి. ఆ కాగితాన్ని సంపర్క తరగతికి తీసుకురండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

12.1: 1. పనుల పట్టిక 2. పోలింగ్ 3. ఓఆథ్ 2.0
12.2: 1. తప్పు 2. ఒప్పు 3. ఒప్పు